ఇంట్లోనే తూటా తయారీ.. అక్కడ హాబీ, ఇక్కడ ఏడేళ్ల జైలు! మధ్యలో ఉప్పల్, నాచారం పిల్లలు

హైదరాబాద్: ఫోన్‌లో ఓ వీడియో ఓపెన్ అవుతుంది. అమెరికాలో ఎక్కడో ఓ ఇంటి గ్యారేజ్. చెక్క బల్ల మీద చేతి మీటతో నడిచే చిన్న ప్రెస్, పక్కన తళతళలాడే ఇత్తడి గొట్టాలు. గడ్డం పెంచిన పెద్దాయన ఒకరు కాఫీ తాగుతూ, తాపీగా కబుర్లు చెబుతూ, బొటనవేలంత లావు తూటాలను ఒక్కొక్కటిగా తయారు చేసి వరుసలో నిలబెడతాడు. తర్వాత వాటిని లీవర్ యాక్షన్ రైఫిల్‌లోకి ఎక్కిస్తాడు. ఢాం అని పేలుస్తాడు. దూరంగా ఇనుప పలక మోగుతుంది. వీడియో అయిపోతుంది. కింద ఇంకోటి రెడీగా ఉంటుంది.

ఈ వీడియోలు మనవాళ్లు చూడరా అంటే ఎందుకు చూడరు? నాచారం చౌరస్తాలో బస్సు కోసం ఆగిన కుర్రాడి ఫోన్‌లోనూ వస్తాయి, ఉప్పల్ మెట్రోలో కూర్చున్న ఉద్యోగి ఫోన్‌లోనూ వస్తాయి. చూడటం నేరం కాదు. కానీ ఆ వీడియో ఏ దేశంలో తీశారో, అక్కడి చట్టం ఏంటో, ఇక్కడి చట్టం ఏంటో స్క్రీన్ మీద రాదు. పెద్దాయన కాఫీ తాగుతూ చేసిన పనే నాచారంలో ఎవరైనా చేస్తే కనీసం ఏడేళ్ల జైలు. అదే పనిని చదువుకోవడానికి అమెరికా వెళ్లిన ఉప్పల్ కుర్రాడు అక్కడే చేస్తే? దానికి ఒక్క మాటలో జవాబు లేదు. అతని జేబులో ఏ కాగితం ఉంది, దాని గడువు ఎప్పటిదాకా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అసలు మెలిక అక్కడే ఉంది.

ఉప్పల్‌ను కుదిపేసిన ఘటన

ఇది ఊహించుకుని భయపడే విషయం కాదు. 2024 నవంబర్‌లో ఉప్పల్ ప్రాంతానికి చెందిన ఓ ఎంఎస్ విద్యార్థి అమెరికాలోని జార్జియా రాష్ట్రం అట్లాంటాలో చనిపోయాడు. ఎవరో కాల్చలేదు. దోపిడీ జరగలేదు. కొత్తగా కొనుక్కున్న వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి ఛాతీలోకి తూటా దూసుకెళ్లింది. పక్క గదిలో ఉన్న స్నేహితులు పరుగున వచ్చారు. ఆస్పత్రికి తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు.

అప్పట్లో ఆ కుటుంబం అన్న మాట చాలామందిని ఆలోచనలో పడేసింది. చదువుకోవడానికి వెళ్లిన పిల్లలకు అక్కడ వేట తుపాకీకి లైసెన్సు దొరుకుతుందన్న సంగతే తమకు తెలియదని కన్నవాళ్లు వాపోయారు. నిజమే, ఇక్కడ ఎవరికి తెలుసు? ఫీజు ఎంత, రూమ్ అద్దె ఎంత, పార్ట్‌టైమ్ దొరుకుతుందా, ఓపీటీ వస్తుందా.. అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో ఇవన్నీ అడుగుతారు. తుపాకీ గురించి ఎవరూ అడగరు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఏ దేశం నుంచీ అంతమంది లేరు. అందులో తెలుగు పిల్లల వాటా చిన్నదేమీ కాదని ఉప్పల్, బోడుప్పల్, హబ్సిగూడ కాలనీల్లో ఏ గల్లీలో అడిగినా చెబుతారు.

అసలు ఈ రీలోడింగ్ ఏంటి?

మనం తూటా అంటాం, పాతబస్తీలో కార్తూస్ అంటారు. పేరు ఏదైనా అందులో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రవ్వ పుట్టించే ప్రైమర్, లోపల మందు, పైన బుల్లెట్. కాల్చగానే బుల్లెట్ వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనికి రాకుండా పోతుంది. ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. నాలుగింటిలో ఖరీదైనది సాధారణంగా అదే. దాన్ని పారేయకుండా మళ్లీ వాడుకోవడమే రీలోడింగ్.

పెద్ద కాలిబర్ లీవర్ యాక్షన్ రైఫిళ్లు ఉన్నవాళ్లకు దీని మీద ఎక్కువ మోజు. కారణం డబ్బే. ఈ రైఫిళ్లలో బాగా పేరున్నది .45-70 తూటా. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా ఇది. అంగుళంలో నూటికి 45 వంతుల లావు బుల్లెట్, 70 గ్రెయిన్ల నల్లమందు.. పేరులోని అంకెలు అవే. సైన్యం ఎప్పుడో వదిలేసింది, వేటగాళ్లు వదల్లేదు. నేటికీ ఎలుగుబంటి తిరిగే అడవుల్లో దీన్నే నమ్ముకునేవాళ్లున్నారు. షాపులో కొంటే ఒక్క తూటాకు రెండు డాలర్లకు పైనే అవుతుంది. ఓ ఆదివారం సరదాగా 50 కాల్చారంటే మన లెక్కలో ఎనిమిది వేలు దాటిపోయినట్టే. ఇంట్లో చేసుకుంటే అందులో చాలా మిగులుతుంది. అందుకే గ్యారేజ్‌లో ఆ బల్ల.

లీవర్ యాక్షన్ అంటే తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1971లో సూపర్‌స్టార్ కృష్ణ చేసిన 'మోసగాళ్లకు మోసగాడు' దగ్గర్నుంచి కౌబాయ్ బొమ్మ మనకు తెలుసు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే మీటను కిందికి లాగి పైకి నొక్కితే ఖాళీ గొట్టం బయటపడి, కొత్త తూటా లోపలికి వస్తుంది. 19వ శతాబ్దపు టెక్నాలజీ ఇది. అయినా గిరాకీ తగ్గలేదు. దివాలా తీసిన రెమింగ్టన్ నుంచి మార్లిన్ బ్రాండ్‌ను రూగర్ కంపెనీ 2020లో కొనుక్కుని, మొట్టమొదట మార్కెట్‌లోకి దించింది ఈ పెద్ద కాలిబర్ 1895 మోడల్‌నే.

వీడియోల్లో తక్కువగా వినిపించే మాట ఒకటుంది. .45-70 అని పేరున్న రైఫిళ్లన్నీ ఒకే బలంతో ఉండవు. 1870ల నాటి పాత రైఫిల్ తట్టుకునే ఒత్తిడి వేరు, నేటి మార్లిన్ తట్టుకునేది వేరు, కొన్ని సింగిల్ షాట్ రైఫిళ్లు తట్టుకునేది ఇంకా వేరు. అందుకే అమెరికాలో అచ్చయ్యే రీలోడింగ్ పుస్తకాల్లో ఈ ఒక్క తూటాకే మూడు వేర్వేరు పట్టికలు ఇస్తారు. ఒకదాని కోసం చేసిన తూటా ఇంకోదాంట్లో సరిగ్గా సరిపోతుంది.. అదే ప్రమాదం. సరిపోతుంది కానీ తుపాకీ తట్టుకోదు. చేతిలోనే పగిలిపోతుంది.

ఇంకో సంగతి. చాలా లీవర్ యాక్షన్ రైఫిళ్లలో తూటాలు గొట్టం కింద ఉండే మరో సన్నని గొట్టంలో, ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. ముందున్న తూటా వెనక భాగాన్ని వెనకున్న తూటా ముక్కు తాకుతూ ఉంటుంది. ముక్కు సూదిగా ఉంటే తుపాకీ అదిరినప్పుడు ముందున్న ప్రైమర్‌ను పొడిచే ప్రమాదం ఉంది. అందుకే వీటికి మొద్దు ముక్కు బుల్లెట్లే వాడుతూ వచ్చారు. ఈ ఇబ్బంది తప్పించడానికి మెత్తని రబ్బరులాంటి ముక్కున్న బుల్లెట్లను హార్నడీ కంపెనీ తీసుకొచ్చింది.

శుభ్రం చేసేటప్పుడు కూడా ఈ గొట్టమే కొంప ముంచుతుంది. పిస్టల్‌లాగా మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టడానికి ఉండదు. లోపల ఎన్ని మిగిలాయో బయటికి కనిపించదు. పాత మోడళ్లలో చాలావాటిని ఖాళీ చేయాలంటే ప్రతి తూటానూ మీట లాగి ఛాంబర్‌లోకి తెచ్చి, బయటికి తీయాలి. నాలుగు తీసి అయిపోయిందనుకుంటే, ఐదోది అప్పటికే ఛాంబర్‌లో కూర్చుని ఉండొచ్చు.

నాచారంలో అదే పని చేస్తే?

ఇక్కడికొచ్చేసరికి లెక్క పూర్తిగా మారిపోతుంది. 1959 నాటి ఆయుధాల చట్టంలో సెక్షన్ 3 తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడానికి లైసెన్సు కావాలంటుంది. సెక్షన్ 5 తయారీ, అమ్మకం, మరమ్మతు, పరీక్షలకు లైసెన్సు కావాలంటుంది. రెండూ వేర్వేరు. ఇంట్లో లైసెన్సు ఉన్న తుపాకీ ఉంది కాబట్టి దానికి తూటాలు నేనే చేసుకుంటానంటే కుదరదు. అమ్మడానికి కాదు, సొంతానికే అన్నా కుదరదు.

శిక్ష విషయంలో 2019 సవరణ చాలా మార్చేసింది. లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. అదే సెక్షన్ 5ను ఉల్లంఘించి తయారు చేస్తే కనీసం ఏడేళ్లు, ఆపై యావజ్జీవం దాకా. ఒక వ్యక్తి పెట్టుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది కూడా ఆ సవరణే. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చే మోజుకు ప్రత్యేకంగా శిక్ష పెట్టిందీ అదే. రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తూటాలో పోసే మందు విషయానికొస్తే 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 1908 నాటి మరో చట్టం వేరేగా ఉన్నాయి. అంటే ఒక బల్ల మీద చేసిన ఒక పనికి రెండు మూడు చట్టాల కింద కేసులు.

ఇందులో నాచారానికి ప్రత్యేకంగా ఉన్న ముప్పు వేరే ఉంది. ఇండస్ట్రియల్ ఏరియా అంతా చిన్న చిన్న వర్క్‌షాపులు. నాచారం, మల్లాపూర్ లైన్లలో లేత్ మెషీన్ మీద ఇత్తడి ముక్కను చెప్పిన కొలతకు తిప్పి ఇచ్చే మిస్త్రీలకు కొదవ లేదు. ఉదాహరణకు ఎవరో ఫోన్‌లో డ్రాయింగ్ చూపించి, ఫిట్టింగ్ అనో మోడల్ అనో చెప్పి, ఇలాంటివి ఓ వంద చేసిపెట్టు అన్నాడనుకుందాం. మిస్త్రీకి అది ఇంకో ఆర్డర్. రేపు కేసయితే చట్టం అడిగే మొదటి ప్రశ్న 'ఎవరు చేశారు' అన్నదే. ఆర్డర్ ఇచ్చినవాడు ఫోన్ స్విచ్చాఫ్ చేసుకుంటాడు. షట్టర్ మీద పేరు రాసుకున్నవాడు ఎక్కడికి పోతాడు? తనకు తెలియకుండా చేశానని కోర్టులో నిరూపించుకునే లోపు ఉన్న పనులు కూడా పోతాయి.

కొందరు తెలివైనవాళ్లకు ఆన్‌లైన్‌లో విడిభాగాలు తెప్పించుకుందామన్న ఐడియా వస్తుంది. పేలుడు స్వభావం ఉన్న ఏ వస్తువునూ పోస్టులో గానీ విమానంలో వెళ్లే కొరియర్‌లో గానీ పంపకూడదు. ప్రైమర్, మందు రెండూ ఆ కోవలోవే. విదేశాల నుంచి ఆయుధాలు, తూటాలు తేవాలంటే సెక్షన్ 10 కింద లైసెన్సు ఉండాలి. పార్సిల్ మీద పేరు, ఫోన్ నంబరు, ఉప్పల్ అడ్రస్ అన్నీ మనవే. పోలీసులు పెద్దగా వెతకాల్సిన పని కూడా ఉండదు.

మరి షూటింగ్ ఆటగాళ్ల సంగతేంటి? వాళ్లకు దారి ఉంది, అది బహిరంగంగానే ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాదీ ఈషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ క్రీడాకారుల కోసం నిబంధనలు సడలించి, ఏడాదికి కొనుక్కోగల తూటాల సంఖ్యను బాగా పెంచింది. .22 తూటాలైతే వెయ్యి నుంచి ఐదు వేలకు. చూడండి, ప్రాక్టీస్‌కు తూటాలు చాలట్లేదన్న బాధ ఇక్కడి షూటర్లకూ ఉంది. దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఎక్కువ కొనుక్కోమని. ఇంట్లో చేసుకోమని కాదు.

పాత రైఫిల్‌కు కొత్త తూటా ఎక్కడిది?

హైదరాబాద్‌లో ఈ కథకు ఓ పాత పాయ కూడా ఉంది. నిజాం కాలంలో షికారు అంటే రాజవినోదం. నవాబులు, జాగీర్దార్లు, దొరల ఇళ్లలో పెద్ద కాలిబర్ విలాయతీ రైఫిళ్లు ఉండేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటకు తలుపులు మూసుకుపోయాయి. 1980లలో విదేశీ తుపాకుల దిగుమతి మీద ఆంక్షలు వచ్చాయి. రైఫిళ్లు మాత్రం తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి లైసెన్సు మారుతూ కొన్ని ఇళ్లలో మిగిలిపోయాయి.

తుపాకీ ఉంది, లైసెన్సు ఉంది, తూటా లేదు. ఇదీ వాళ్ల పరిస్థితి. దేశంలో సర్కారీ ఫ్యాక్టరీలు ప్రధానంగా చేసేది .315 రైఫిల్, .32 రివాల్వర్, 12 బోర్ తూటాలు. 2021 అక్టోబర్ 1న పాత ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టారు. తూటాల పని మ్యూనిషన్స్ ఇండియా చేతికి వచ్చింది. బోర్డు మారింది కానీ తాత గారి విలాయతీ రైఫిల్‌కు తూటా మాత్రం ఆ లిస్టులో లేదు. దుకాణంలో దొరకని తూటాను ఇంట్లో చేసుకోవాలన్న ఆలోచన పుట్టేది సరిగ్గా ఇలాంటి చోటే. అమెరికాలోనూ పాత రైఫిల్ ఉన్నవాళ్లు రీలోడింగ్ వైపు వెళ్లేది ఇందుకే. అవసరం ఒకటే, చట్టాలు వేరు. ఇక్కడ అలాంటి రైఫిల్‌ను భద్రంగా దాచుకోవడం తప్ప, లైసెన్సు అధికారి అనుమతితో దాన్ని వదిలించుకోవడం తప్ప చేయగలిగింది తక్కువ.

దీని మీద ప్రభుత్వం మాట్లాడాల్సింది ఉంది. చట్టబద్ధంగా లైసెన్సు ఇచ్చి, రెన్యువల్ ఫీజు తీసుకుంటూ, తూటా మాత్రం ఎక్కడా దొరకని పరిస్థితి ఉంచితే దొంగదారులకు ఆహ్వానం పలికినట్టే. అయినా సరే, ఆ లోటును ఇంటి బల్ల మీద తీర్చుకోవడానికి నేటి చట్టంలో సందు లేదు.

అమెరికాలో అసలు మెలిక

ఇప్పుడు సముద్రం దాటుదాం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి ఇంట్లో తూటాలు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మితే మాత్రం కావాలి. వీడియోలో పెద్దాయన ధీమా అదే.

కానీ ఆయన పౌరుడు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి, హెచ్-1బీ మీద ఉన్న ఉద్యోగి, హెచ్-4 మీద ఉన్న భార్య లేదా భర్త.. వీళ్లంతా చట్టం దృష్టిలో తాత్కాలికంగా వచ్చినవాళ్లు. వీళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదన్నది అసలు నియమం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. అయితే ఈ నియమానికి కొన్ని మినహాయింపులున్నాయి. అందులో ఒకటి, ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం. తుపాకీ షాపులో నింపే ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది. వేట లైసెన్సు చూపిస్తే, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాసైతే, 18 ఏళ్లు నిండితే రైఫిల్ కొనొచ్చు. ఉప్పల్ నుంచి వెళ్లిన విద్యార్థి చేతికి వేట తుపాకీ ఎలా వస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఇదే. ఇక్కడ లైసెన్సు అంటే పోలీస్ ఎంక్వైరీ, కమిషనర్ సంతకం. అక్కడ వేట లైసెన్సు అనేది అడవి జంతువుల శాఖ ఇచ్చే పర్మిట్. తుపాకీ లైసెన్సు అని మనం అనుకునేది అది కాదు. కానీ దాని వల్ల తుపాకీ తలుపు తెరుచుకుంటుంది.

తెరుచుకున్న తలుపు ఎప్పుడైనా మూసుకుపోవచ్చు. వేట లైసెన్సుకు గడువు ఉంటుంది. ఆ తేదీ దాటిన మర్నాడు రైఫిల్ అదే అల్మారాలో ఉంటుంది, మినహాయింపు మాత్రం ఉండదు. 2022లో వచ్చిన చట్టం తర్వాత ఇలా నిషేధం ఉన్నవాళ్లు తుపాకీ లేదా తూటా కలిగి ఉంటే గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. దేశం నుంచి పంపించేయడానికి కూడా తుపాకీ నేరం ఒక కారణం.

ఇంకా ఆశ్చర్యపరిచేది తూటా అన్న మాటకు అక్కడి ఫెడరల్ చట్టం ఇచ్చిన అర్థం. తయారైన తూటా ఒక్కటే కాదు. కేసు, ప్రైమర్, బుల్లెట్, మందు.. తుపాకీ కోసం చేసిన ఈ నాలుగింటిలో ఏ ఒక్కటైనా తూటా కిందే లెక్క. అంటే వేట లైసెన్సు గడువు ముగిసిన విద్యార్థి రైఫిల్ అమ్మేసి చేతులు దులుపుకున్నా, రీలోడింగ్ కోసం దాచుకున్న ఇత్తడి గొట్టాల డబ్బా, సగం వాడిన మందు సీసా డ్రాయర్‌లో ఉండిపోతే సమస్య పోనట్టే. తుపాకీ పోయాక తూటా ముక్కల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? రూమ్‌మేట్ అమెరికన్ అయి, గ్యారేజ్‌లో బల్ల అతనిదైతే ఇంకో తలనొప్పి. ఎవరిది ఎవరి దగ్గర ఉన్నట్టు అన్న వాదన మొదలవుతుంది.

ఇదంతా కాగితం మీది భయం అనుకునేవాళ్లు రెహైఫ్ కేసు తెలుసుకోవాలి. స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాలో చదువుకోవడానికి వచ్చిన ఓ విదేశీయుడు మార్కులు రాక యూనివర్సిటీ నుంచి బయటికి వచ్చేశాడు. వీసా స్టేటస్ పోయింది. ఆ తర్వాత ఓ షూటింగ్ రేంజ్‌కు వెళ్లి కాల్చాడు. తుపాకీ, తూటాలు కలిగి ఉన్నాడంటూ కేసు పెట్టి శిక్ష వేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 జూన్‌లో 7-2 మెజారిటీతో కోర్టు ఓ మాట చెప్పింది. తుపాకీ తన దగ్గరుందని తెలియడం ఒక్కటే చాలదు, తనకు నిషేధం వర్తించే స్టేటస్ ఉందన్న సంగతీ నిందితుడికి తెలుసని ప్రాసిక్యూషన్ నిరూపించాలంది. నిందితుడికి ఊరటే. కానీ అక్కడిదాకా వెళ్లడానికి ఎన్నేళ్లు, ఎంత ఖర్చు! వీకెండ్‌కు సీనియర్లతో కలిసి రేంజ్‌కు వెళ్లి ఫొటో దిగడం మన పిల్లల్లో మామూలైపోయింది. ఆ రోజుకు స్టేటస్ సరిగ్గా ఉందా, మినహాయింపు ఉందా అని ఎంతమంది చూసుకుంటారు?

రేంజ్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. పక్క లేన్‌లో ఉన్నాయన మంచితనంగా తన ఇంటి తయారీ తూటాలు రెండు ఇచ్చి, కాల్చి చూడు అంటాడు. వద్దనడం మర్యాద కాదనిపిస్తుంది. కానీ ఇతరులు చేసిన రీలోడ్ తూటాలు కాల్చకూడదన్నది ఆ హాబీలో ఉన్నవాళ్లే చెప్పే మొదటి సూత్రం. రీలోడ్‌ల వల్ల పాడైతే చాలా కంపెనీలు తుపాకీకి వారంటీ ఇవ్వవు. చాలా కమర్షియల్ రేంజ్‌లు వాటిని లోపలికే రానివ్వవు.

సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు

మరో ముప్పు శంషాబాద్‌లో ఉంది. స్క్రీనింగ్‌లో ప్రయాణికుల బ్యాగుల్లో తూటాలు బయటపడ్డాయన్న వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. రేంజ్‌లో వాడిన బ్యాగే ప్రయాణానికి వాడటం, జ్ఞాపకంగా ఒకటి దాచుకోవడం, కీచైన్ చేసుకోవడం.. కారణాలు ఇలాంటివే. భారత్‌లో బతికున్న తూటా ఒక్కటి దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది.

కోర్టుల్లో కొంత ఊరట ఉంది. తన దగ్గర ఉందని తెలిసి ఉండాలి, అప్పుడే అది కలిగి ఉండటం అవుతుందని 1972లోనే గుణ్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సూత్రం పట్టుకునే బ్యాగులో మరచిపోయిన తూటా కేసులను ఢిల్లీ హైకోర్టు చాలాసార్లు కొట్టేసింది. సెక్షన్ 45లో ఇంకో వెసులుబాటు ఉంది. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న విడిభాగాలకు చట్టం వర్తించదు. విచిత్రం చూడండి.. ఇంట్లో తూటా చేస్తే ఏడేళ్లు అనే మన చట్టం విడి ముక్క విషయంలో కొంచెం మెత్తగా ఉంది. ఇంట్లో తూటా చేసుకోమనే అమెరికా చట్టం మాత్రం ఆ ముక్కనే తూటా అంటోంది.

కస్టమ్స్ నిబంధనల్లోనూ తప్పుగా అర్థం చేసుకునే చోటు ఒకటి ఉంది. బ్యాగేజ్ రూల్స్‌లో 50కి మించిన తూటాలు అన్న మాట కనిపిస్తుంది. అంటే 50 దాకా తెచ్చుకోవచ్చేమో అనుకుంటారు. అది డ్యూటీ లెక్క మాత్రమే, ఆయుధాల చట్టం అడిగే లైసెన్సుకు బదులు కాదు.

కేసు కొట్టేసినా చరిత్ర మిగులుతుంది. అమెరికా వీసా దరఖాస్తు ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. శిక్ష పడిందా అని మాత్రమే కాదు, అరెస్టు అనే అడుగుతారు. సంక్రాంతి సెలవులకు వచ్చి, శంషాబాద్‌లో ఆగిపోయి, నెలల తర్వాత కేసు పోయినా, తర్వాతి స్టాంపింగ్‌లో ఆ గడిలో అవును అని టిక్ పెట్టక తప్పదు. సెమిస్టర్ అప్పటికే మొదలైపోయి ఉంటుంది.

ఇప్పటికే అక్కడ రైఫిల్ కొన్న పిల్లలకు న్యాయనిపుణులు సాధారణంగా చెప్పే దారి ఒకటే. వేట లైసెన్సు గడువు, వీసా స్టేటస్ రెండింటిలో ఏది ముందు ముగుస్తుందో చూసుకుని, ఆ తేదీకి ముందే తుపాకీని, దాంతోపాటు తూటాలను, ఖాళీ గొట్టాలను, మందును లైసెన్సున్న డీలర్‌కు అప్పగించి రసీదు తీసుకోవాలి. యూనివర్సిటీ హాస్టళ్లలో చాలావాటిలో ఇవేవీ అసలు ఉంచుకోనివ్వరు. ఉప్పల్‌లో ఉన్న తల్లిదండ్రులు వీడియో కాల్‌లో తిన్నావా, చదువుతున్నావా అని అడిగే ప్రశ్నల పక్కన ఈ తేదీల ప్రశ్న కూడా అడగొచ్చు. అడిగితే పిల్లలు నవ్వుతారు కావచ్చు. 2024 నవంబర్‌కు ముందు అయితే ఆ ప్రశ్న ఎవరికీ తట్టేది కూడా కాదు.